పనిచేసినవాడే ఆడాలి

ఆటల శాఖ పెద్దలకు ఆ ఏడు ఒక గొప్ప ఆలోచన వచ్చింది. గొప్ప ఆలోచనలు వాళ్ళకు ఏడాదికొకటి చొప్పున వస్తూనే ఉంటాయి గాని, ఇది వచ్చిన రోజున మీటింగులో భోజనాలు కూడా బాగా కుదిరాయట. అందుచేత ఎవరూ కాదనలేదు. ఆ ఆలోచన పేరు 'జిల్లాకొక ఆట'. ఒక్కొక్క జిల్లా ఒక్కొక్క ఆటను దత్తత తీసుకుని అందులో ప్రపంచస్థాయికి ఎదగాలి. ఏ జిల్లాకు ఏ ఆట అన్నది పక్షపాతం లేకుండా చీట్లు వేసి తీశారు. పక్క జిల్లాకు మంచుగడ్డ మీద ఆడే హాకీ వచ్చింది. వాళ్ళు పాపం రొయ్యల ఐసు ఫ్యాక్టరీలో కుర్రాళ్ళను దింపి ఆడించబోతే సగంమందికి రొంప పట్టింది. మా గెడ్డపేట జిల్లాకు రగ్బీ లీగు వచ్చింది.

జిల్లాకొక్క ఆటే అయినప్పుడు ఎవరి ఆట వాళ్ళే ఆడుకోవాలి గదా, మరి పోటీ ఎవరితో అని ఒక విలేకరి అడిగాడు. "పోటీ లేనిచోట ఓటమి కూడా ఉండదు. అదే ఈ పథకం విశిష్టత" అని పెద్దలు సెలవిచ్చారు. ఆ విలేకరి అదే రాసుకున్నాడు.

రగ్బీ లీగు అంటే ఏమిటో గెడ్డపేటలో ఎవరికీ తెలియదు. హైస్కూల్లో ఖోఖో నేర్పే జోగినాయుడు మాస్టారికి ఒక బొమ్మల పుస్తకం ఇచ్చి, నీవే కోచ్‌వి పొమ్మన్నారు. ఆయన రెండు రాత్రులు ఆ బొమ్మలు చూసి సారాంశం గ్రహించారు. అటు పదముగ్గురు, ఇటు పదముగ్గురు. బంతి చంకలో పెట్టుకుని పరిగెత్తాలి. ఎదుటివాళ్ళు నడుం పట్టుకుని కింద పడేస్తారు. పడకుండా అవతలి గీత దాటి బంతిని నేలకు తాకించినవాడు మొనగాడు. బంతి మాత్రం గుండ్రంగా ఉండదు, ఒలవని కొబ్బరికాయలా ఉంటుంది. అసలు బంతి రాజధాని నుంచి రావాలి గనక ఎంపిక పోటీలు ఒలవని కొబ్బరికాయతోనే జరిపారు.

ఆ ఎంపికకు బోనెల గవర్రాజు రైస్ మిల్లు నుంచి వచ్చాడు. అతను అక్కడ బస్తాలు మోసే కళాసీ. ఆటకని రాలేదు, వచ్చినవాళ్ళకు ఉప్మా పెడతారని తెలిసి వచ్చాడు. కుర్రతనంలో చెడుగుడు ఆడాడు గాని పెళ్ళయ్యాక ఆటల జోలికి పోలేదు. జోగినాయుడు మాస్టారు అతని భుజాలు చూసి, కొబ్బరికాయ చేతికిచ్చి, "ఆ సున్నం గీత దాటి పెట్టాలిరా. వీళ్ళు ఆపుతారు" అన్నారు. గవర్రాజు కాయను చంకలో ఇరికించుకుని కదిలాడు. ఒకడు నడుం పట్టాడు. ఇంకొకడు కాలు పట్టాడు. ఇద్దరు మెడకు వేలాడారు. గవర్రాజు ఆగలేదు. గీత దాటేసరికి అతని ఒంటిమీద ఏడుగురు మనుషులున్నారు. అందరినీ మెల్లిగా దింపి, కాయను నేలకు ఆనించి, "ఇంకేటి సెయ్యాలండి?" అని అడిగాడు.

ఆ పూట గవర్రాజుకు ఒక సంగతి తెలిసింది. బస్తా ఎత్తితే ఒళ్ళు బరువవుతుంది. మనుషులు పట్టుకుని వేలాడుతుండగా ముందుకు పోతూంటే మాత్రం ఒళ్ళు తేలికవుతుంది. ఎందుకో అతనికి తెలియదు, తెలుసుకోవాలని కూడా అనుకోలేదు. ఉప్మా తినడం మరిచిపోయి ఇంటికెళ్ళాడు. మళ్ళీ అలా ఎప్పుడు పరిగెత్తిస్తారా అన్న ధ్యాస ఒక్కటే మిగిలింది.

పరిగెత్తించడానికి ముందు ప్రభుత్వం ఉద్యోగం ఇచ్చింది. ఎంపికైన ఇరవై ఆరుగురికీ ఆటల కోటాలో రకరకాల ఆఫీసుల్లో పోస్టులిచ్చారు. గవర్రాజుకు జిల్లా అనుసంధాన శాఖలో అటెండరు పోస్టు వచ్చింది. ఆ శాఖ దేన్ని దేనితో అనుసంధానం చేస్తుందో అందులో తలపండిన సూపరింటెండెంటు నీలాచలంగారికే ఇదమిత్థంగా తెలియదు. ఉద్యోగానికి షరతు ఒక్కటే. ఏడాది ప్రొబేషను పూర్తయ్యేలోగా కనీసం ఒక్క గుర్తింపు పొందిన మ్యాచ్ ఆడాలి. ఆడకపోతే ఇంటికి, అంటే గవర్రాజు విషయంలో తిరిగి బస్తాల కిందికి. ఇరవై ఆరుగురినీ రెండు జట్లు చేసి, ఊరి మధ్య పారే గెడ్డను సరిహద్దుగా పెట్టి, గెడ్డ ఇవతలి జట్టు, గెడ్డ అవతలి జట్టు అన్నారు. ఒక్క మ్యాచ్ ఆడ్డం ఎంతసేపు? గవర్రాజు ఆదివారం కోసం చూస్తూ కూర్చున్నాడు.

ఆదివారం రాకముందే నిబంధనావళి వచ్చింది.

జిల్లా రగ్బీ లీగు సంఘానికి కార్యదర్శి సోమేశ్వరరావుగారు. రిటైరైన డిప్యూటీ తహసీల్దారు. ఆయనకు ఆటలు తెలియవు, రూల్సు తెలుసు. రూలు ఎంత పాతదైతే అంత పవిత్రమని ఆయన నమ్మకం. సంఘానికి నియమాలు కావాలనగానే పాత క్లబ్బు లైబ్రరీలో చెదలు తినగా మిగిలిన ఒక ఇంగ్లీషు పుస్తకం దొరికించుకున్నారు. అది ఈ ఆట పుట్టిన కొత్తలో అచ్చయింది. అప్పట్లో ఆడినవాళ్ళంతా ఇంగ్లండు సీమలో బొగ్గుగనుల్లోనూ నేతమిల్లుల్లోనూ పనిచేసే కూలీలట. ఆటే పనిగా బతికే సోమరులు బయలుదేరుతారేమోనని అక్కడి పెద్దలు భయపడి, ఆడేవాడికి వేరే నిజమైన పని ఉండాలనీ, ఆ వారం పనికి నాగా పెట్టినవాడు ఆడకూడదనీ నియమం పెట్టారు. తర్వాత కొన్నేళ్ళకు వాళ్ళకే బుద్ధి వచ్చి తీసేశారు. కాని తీసేసిన సంగతి ఉన్న పుస్తకం మా క్లబ్బులో లేదు.

సోమేశ్వరరావుగారు దాన్ని తెలుగు చేసి సంఘం సభలో మైకులో చదివారు. "క్రీడాకారుడగువాడు ఆ వారమంతయు తన నిజమైన వృత్తియందు నిజముగా పనిచేసి ఉండవలెను. అట్లు పనిచేయనివాడు మైదానమున పాదము మోపుటకు అనర్హుడు. ఇందుకు ఎట్టి మినహాయింపులును లేవు." అందరూ చప్పట్లు కొట్టారు. వచ్చినవాళ్ళలో సగంమంది ప్రభుత్వోద్యోగులే. అయినా ఒక్కడికీ గుండె ఝల్లుమనలేదు. రూలు ఎప్పుడూ పక్కవాడి కోసమేనని వాళ్ళ అనుభవం.

మొదటి మ్యాచ్‌కు జనం బాగా వచ్చారు. గవర్రాజు పాత జట్టు, అంటే మిల్లు కళాసీలంతా, మేస్త్రీ ముత్యాలుతో సహా గట్టుమీద కూర్చున్నారు. రాజధాని నుంచి అసలు బంతి కూడా వచ్చింది గాని, వచ్చిన రోజే దాన్ని ప్రభుత్వ ఆస్తి కింద నమోదు చేసి, బీరువాలో పెట్టి సీలు వేశారు. ఆ సీలు విప్పే అధికారం ఉన్నాయన సెలవులో ఉన్నాడు. కొబ్బరికాయే మళ్ళీ మైదానానికి వచ్చింది. జోగినాయుడు మాస్టారు ఈల నోట పెట్టుకునేసరికి అవతలి జట్టు మేనేజరు తవిటినాయుడు చెయ్యెత్తాడు. ఆయన రోడ్ల కాంట్రాక్టరు. గవర్రాజు దిగితే తన జట్టు పని అయిపోయినట్టేనని ఆయనకు తెలుసు.

"అభ్యంతరం! బోనెల గవర్రాజు ఈ వారం ఆఫీసులో పని చెయ్యలేదు."

మైదానం మధ్యలోనే బల్ల వేసి, దుప్పటి పరిచి విచారణ మొదలెట్టారు. సోమేశ్వరరావుగారు కళ్ళజోడు సర్దుకున్నారు.

"మంగళవారం నాడు నీవు చేసిన పని ఏమిటి?"

"ఏటీ నేదండి బావూ" అన్నాడు గవర్రాజు. అతనికి అబద్ధమాడ్డం చేతకాదని కాదు, అవసరమని తోచలేదు.

నీలాచలంగారు పెద్దగా దగ్గారు. "కుర్రాడికి వినయం ఎక్కువండి. బాగా గుర్తుచేసుకో గవర్రాజూ."

"టీ తెచ్చినానండి. మద్దినేళ మళ్ళీ తెచ్చినాను."

"టీ తెచ్చుట ఇతని ఉద్యోగ విధులలో ఉన్నదా?" అన్నారు కార్యదర్శి.

"విధుల్లో లేదండి" అన్నారు నీలాచలంగారు. "కాని అది రాకపోతే మా ఆఫీసులో విధులే లేవు."

సంఘం అరగంట గుసగుసలాడింది. "టీ అనునది పనివారు సేవించు పానీయమే గాని, అది స్వయముగా పని కాదు. కావున శ్రీ గవర్రాజు ఈ వారమునకు అనర్హుడు" అని తీర్పు వచ్చింది. ఊరుకుంటారా ఇవతలి జట్టువాళ్ళు? అవతలి జట్టులో ఒక్కొక్కడి మీదా ఎదురు అభ్యంతరం వేశారు. సాయంత్రమయ్యేసరికి విచారణలు పూర్తికాక మ్యాచ్ వాయిదా పడింది.

ఇంటికొచ్చి గవర్రాజు కాళ్ళు కడుక్కోకుండా అరుగుమీద కూలబడ్డాడు. అతని భార్య పైడితల్లి జీడిపప్పు ఫ్యాక్టరీలో పప్పు ఒలుస్తుంది. ఆమె చేతులకు జీడి మరకలు, మాటకు జీడి ఘాటు.

"ఏటయింది మావా? గెలిసినారా?"

"ఆడనియ్యలేదే. ఆపీసులో పని సెయ్యలేదంట."

"అదేటి, ఆడతావనే గదా ఉజ్జోగమిచ్చినారు? ఇప్పుడు ఉజ్జోగం సేస్తేనే ఆడనిస్తారేటి?" పైడితల్లి కాసేపు ఆలోచించింది. "అయితే రెండూ ఒకల్లకొకలు నువ్ ముందంటే నువ్ ముందు అనుకుంటుంటే, మద్దిలో నీ ఏడాది అయిపోతాది. ఎల్లి పనడుగు."

సోమవారం పొద్దున్నే గవర్రాజు నీలాచలంగారి ముందు నిలబడి, "ఏదైనా పనియ్యండి బావూ" అన్నాడు. నీలాచలంగారు పేపరు దించారు. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆ గదిలో ఎవరూ ఆ మాట అనలేదు. 

"నిన్నెవరైనా ఏమైనా అన్నారా?" అన్నారు అనునయంగా. "ఇంట్లో గొడవా?"

"కాదండి. పనిసేస్తేగాని ఆడనియ్యరంట."

పాత గదిలో ఫైళ్ళ కట్టలున్నాయి, దుమ్ము దులిపి వరస పెట్టమన్నారు నీలాచలంగారు, వాడు వారం రోజులు కనబడడు గదా అనుకుని. గవర్రాజు మధ్యాహ్నానికే గది ఖాళీ చేశాడు. వడ్ల బస్తాలు మోసిన వీపుకు ఫైళ్ళ కట్ట ఒక లెక్కా? నాలుగేసి కట్టలు ఎత్తుకొచ్చి, ఏ కట్టమీద ఏ గుమాస్తా పేరుంటే ఆ బల్లమీద దించాడు. దించి ఊరుకున్నా బాగుండేది. అడుగున ఉన్నది పైబల్లకు పోవాలని ఎవరో అన్నారని, సంతకం అయ్యేదాకా బల్ల ముందు నిలబడటం మొదలెట్టాడు. చెడుగుడులో కూతకు వెళ్ళినవాడిలా కాళ్ళు ఎడంగా పెట్టి, కొంచెం ముందుకు వంగి, రెప్ప వెయ్యకుండా నిలబడేవాడు. నోట మాట లేదు. అంత మనిషి అలా నిలబడితే ఎవడు మాత్రం ఎంతసేపు చెవిలో పుల్ల తిప్పుకుంటాడు? సంతకాలు పెట్టారు. పెట్టిన మరుక్షణం ఫైలు పైబల్ల మీద ఉండేది, దాని వెనకాల గవర్రాజు ఉండేవాడు.

నెల తిరిగేసరికి అనుసంధాన శాఖలో ఘోరం జరిగిపోయింది. పెండింగు అన్నది లేకుండా పోయింది. గుమాస్తాలు ఖాళీ బల్లల ముందు, ఇల్లు దోపిడీ అయినవాళ్ళలా బిత్తరచూపులు చూస్తూ కూర్చున్నారు. అంతలో పైఆఫీసు నుంచి తాఖీదు వచ్చింది. "మీ కార్యాలయమున అపరిష్కృత దస్త్రములు ఏవియు లేవని తెలియవచ్చినందున, సదరు కార్యాలయము యొక్క అవసరమును పునఃపరిశీలించుటకు నిర్ణయించడమైనది."

నీలాచలంగారికి బీపీ లేచింది. గవర్రాజును పిలిచి, తలుపు వేసి, కన్నకొడుక్కి చెప్పినట్టు చెప్పారు. "ఒరే నాయనా, పెండింగే మన ప్రాణంరా. అది ఉన్నంతకాలం మనం ఉంటాం. ఆఫీసు మూతపడితే నీ ఉద్యోగం పోతుంది. ఉద్యోగం పోతే నీకు నిజమైన వృత్తి లేనట్టే. వృత్తి లేనివాడు ఆడకూడదు. నీ ఆటని నీ పనే మింగేస్తోంది, తెలుస్తోందా?"

గవర్రాజుకు తెలిసింది. భయం కూడా వేసింది. "మరి పని సెయ్యకపోతే ఆడనియ్యరు. సేస్తే ఆపీసు మూసెత్తారు. నన్నేటి సెయ్యమంటారండి?"

నీలాచలంగారు అనుభవజ్ఞులు. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా కట్టలన్నీ తూర్పు గదిలోంచి పడమటి గదిలోకి మొయ్యాలి. భోజనాలయ్యాక మళ్ళీ తూర్పు గదిలోకి మొయ్యాలి. ఏ కట్టా విప్పకూడదు. "ఇందులో పని ఉంది, ప్రమాదం లేదు" అన్నారు. అంతటితో ఊరుకోక, పరిష్కారమైన ఫైళ్ళన్నిటినీ సమగ్ర పునర్విచారణ కోసం తిరిగి తెరిపించి ఆఫీసును కాపాడుకున్నారు. ఆ సేవకు ఆయనకు ప్రశంసాపత్రం వచ్చింది.

గవర్రాజు మోశాడు. తూర్పు నుంచి పడమరకు మోస్తున్నప్పుడు ఆ కట్ట కట్ట కాదు, కాయే అనుకునేవాడు. తలుపు గడప గీత అనుకునేవాడు. నడుం పట్టి వేలాడేవాళ్ళు లేరే అన్నదొక్కటే బాధ.

సంఘంలో మళ్ళీ చర్చ లేచింది. అటు మోసి ఇటు మోసేది నిజమైన పనా? తవిటినాయుడు కాదన్నాడు. అలాగంటే ప్రభుత్వంలో ఏది నిజమైన పని అని నీలాచలంగారు ఎదురడిగారు. ఆ ప్రశ్న లోతుకు భయపడి అందరూ టీ తెప్పించుకున్నారు. చివరికి సోమేశ్వరరావుగారు లేచారు. "పని నిజమా కాదా అనునది తత్వవేత్తలకు వదిలివేయుదము. పనికి ప్రత్యక్ష ప్రమాణము ఒక్కటే కలదు. చెమట."

ఆ వారమే చెమట పరిశీలక ఉపసంఘం వెలిసింది. ఉపసంఘమంటే జోగినాయుడు మాస్టారే. తెల్ల జేబురుమాలు చేతబట్టి, ఆటగాళ్ళున్న ఆఫీసులన్నిటికీ చెప్పాపెట్టకుండా వెళ్ళి, ఆటగాడి మెడ వెనక అద్ది చూడాలి. తడిస్తే అర్హుడు. ఖోఖోలో రాష్ట్రస్థాయి దాకా ఆడిన మనిషి, ఇదీ నా నుదుట రాసి ఉంది గాబోలునని నిట్టూర్చి బయలుదేరారు. గవర్రాజు తప్ప మిగతా ఇరవై ఐదుగురూ ఎంపికైనప్పుడు రాళ్ళను పిండి చేసేలా ఉండేవాళ్ళు. ఆఫీసుల్లో ఫ్యాన్ల కింద, కూలర్ల ముందు కూర్చుని కూర్చుని గవర్నమెంటు నిగారింపు తేరారు. ఒక్క మెడ తడిసింది లేదు. ఒకడి మెడ మాత్రం జలజలా కారుతోందని మాస్టారు సంతోషించారు గాని, అది కుండలో నీళ్ళు చల్లుకున్నదనీ ఉప్పగా లేదనీ తేలింది. ఎలా తేలిందో మాస్టారు ఎవరికీ చెప్పలేదు.

ప్రతి ఆదివారం జనం రావడం, రుమాళ్ళు చూపించడం, అనర్హుల పేర్లు చదవడం, మ్యాచ్ వాయిదా పడటం. కొన్నాళ్ళకు జనానికి ఇదే రగ్బీ లీగు అని స్థిరపడిపోయింది. పొడి రుమాలు ఎత్తి చూపించినప్పుడల్లా పిల్లలు ఈలలు వేసేవాళ్ళు. ఇలా వర్షాలు వెళ్ళాయి, చలి వెళ్ళింది. గవర్రాజు ఏడాది చివరికొచ్చింది. ఇంకొక్క ఆదివారం మిగిలింది. ఆ ఆదివారం ఆడకపోతే అతను తిరిగి రైస్ మిల్లుకు పోవాలి.

ఆ ఒక్క ఆదివారానికే రాజధాని నుంచి ఆటల శాఖ పెద్దాయన వస్తున్నాడని కబురు. పథకం ఎలా వర్ధిల్లుతోందో కళ్ళారా చూస్తాడట. షామియానా వేశారు. బ్యానర్లు కట్టారు. పెద్దాయన కుర్చీలో కూర్చున్నాక సోమేశ్వరరావుగారు మైకు ముందుకొచ్చి, రూలు తప్పలేదన్న గర్వంతో ప్రకటించారు. "ఈ వారము ఉపసంఘము పరిశీలించిన ఇరవై ఆరుగురిలో ఇరవై ఐదుగురు అనర్హులు. ఇవతలి జట్టు తరఫున శ్రీ బోనెల గవర్రాజు బరిలోకి దిగును. అవతలి జట్టు తరఫున ఎవరును దిగరు."

గవర్రాజు నిక్కరుతో, చంకలో కొబ్బరికాయతో మైదానం మధ్య ఒంటరిగా నిలబడ్డాడు. ఎదురుగా పచ్చగడ్డి, దాని చివర సున్నం గీత. మధ్యలో ఒక మేక.

సోమేశ్వరరావుగారు మైకును చేత్తో మూసి పట్టుకుని దగ్గరకొచ్చి చెవిలో చెప్పారు. "నీ అదృష్టం పండిందోయ్. నిన్ను ఆపేవాడు లేడు. నడుచుకుంటూ వెళ్ళి గీత అవతల పెట్టిరా. మ్యాచ్ ఆడినట్టు రాసేస్తాను. ప్రొబేషను పూర్తి, ఉద్యోగం పర్మనెంటు."

గట్టుమీంచి పైడితల్లి చూస్తోంది. ఆమెకు ఆ మాటలు వినబడకపోయినా సంగతి అర్థమైంది. ఎల్లు ఎల్లు అని చెయ్యి ఊపింది. గవర్రాజు నాలుగడుగులు వేశాడు. మేక పక్కకు తప్పుకుంది. అతను ఆగిపోయాడు.

"నాను పెట్టనండి."

"ఏం?"

"ఎవలూ పట్టుకోకుండా ఎల్లి పెడితే అది ఆటేటండి? కిరాణా కొట్టుకెల్లి కొబ్బరికాయ తెచ్చినట్టుంటాది. ఏడాదిబట్టి ఇందుకేటండి నాను కట్టలు మోసింది?" గవర్రాజు కాయను రెండో చంకలోకి మార్చుకున్నాడు. "ఉజ్జోగం పోతే పోనియ్యండి. ఒక్కపాలి ఆడనియ్యండి నన్ను."

"ఎవరితో ఆడతావయ్యా? పనిచేసినవాడు ఎవడున్నాడు?" అన్నారు సోమేశ్వరరావుగారు చిరాగ్గా.

ఆ చిరాకులో చెయ్యి జారి ఆ మాట మైకులో పడింది. మైదానమంతా వినబడింది. గవర్రాజు తలెత్తి గట్టువైపు చూశాడు. గట్టుమీద రైస్ మిల్లు కళాసీలున్నారు. అమావాస్యకు తప్ప వాళ్ళకు సెలవు లేదు. పొద్దున్నే లారీకి బస్తాలెత్తి, ఒంటికి అంటిన తవుడు దులుపుకోకుండా అలాగే వచ్చి కూర్చున్నారు.

"ఏమండీ" అన్నాడు గవర్రాజు మెల్లిగా. "రూలులో గవర్మెంటు పనే సెయ్యాలని ఉందేటండి?"

సోమేశ్వరరావుగారు పుస్తకం తెరిచారు. నిజమైన వృత్తి అని ఉంది. నిజముగా అని ఉంది. ప్రభుత్వ అన్న మాట ఎక్కడా లేదు. ఆయనకు ఏదో ప్రమాదం ముంచుకొస్తున్నట్టు తోచింది గాని, రూలును ఎదిరించే ధైర్యం ఆయనకు ఏనాడూ లేదు. "లేదు" అన్నారు.

"ఓ ముత్యాలు మేస్త్రీ!" గవర్రాజు అరుపుకు మేక పరిగెత్తింది. "దిగండ్రా అందరూ!"

కళాసీలు తువ్వాళ్ళు తలకు బిగించి సగంమంది ఇటు, సగంమంది అటు దిగారు. జోగినాయుడు మాస్టారు జేబురుమాలు తీసి మొదటివాడి మెడకు అద్దారు, రెండోవాడి మెడకు అద్దారు. మూడోవాడి దగ్గరకొచ్చేసరికి రుమాలు పిండాల్సి వచ్చింది. దాన్ని విసిరి పారేసి, ఏడాదిగా నోట పెట్టుకుని ఊదని ఈలను ఆయన ఊదారు. కళ్ళంబడి నీళ్ళు కారేంత గట్టిగా ఊదారు.

ఆ ఆట చూసినవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. వడ్ల బస్తాను వీపుమీంచి వీపుమీదికి దొర్లించే మనుషులకు కాయను చేతిలోంచి చేతిలోకి విసరడం ఒకరు నేర్పాలా? మొదటిసారి గవర్రాజును సగం దూరంలోనే పడేశారు. నోట్లోకి మట్టి పోయింది. అతను నవ్వుతూ లేచాడు. రెండోసారి ముగ్గురు పట్టి ఈడ్చారు. తవిటినాయుడు తన జట్టు ఏదో మరిచిపోయి "పట్టు, వొదలకు!" అని రెండు జట్లకీ కేకలు వేశాడు. స్కోరు ఎంతో ఎవరూ రాయలేదు. రాయాల్సినవాడు ఆ వారం అనర్హుల్లో ఉన్నాడు. పొద్దు వాలుతుండగా గవర్రాజు చేతికి మళ్ళీ కాయ వచ్చింది. ముత్యాలు మేస్త్రీ ఎదురొచ్చి అతని నడుం వాటేసుకున్నాడు. బస్తా కింద ఎలా నిలబడాలో గవర్రాజుకు నేర్పిన మనిషే ఆయన. వెనక నుంచి ఇంకో నలుగురు పడ్డారు. ఒళ్ళు తేలికయింది. అయిదుగురినీ ఈడ్చుకుంటూ గీత దాటి, కాయను నేలకు ఆనించి, దానిమీదే బోర్లా పడుకుని గవర్రాజు భోరున ఏడ్చాడు. పైడితల్లి గట్టుమీద ఈల వేసింది. ఆమెకు ఈల వెయ్యడం వచ్చని అంతవరకూ మొగుడికే తెలియదు.

పెద్దాయన చలించిపోయాడు. కళ్ళద్దాలు తుడుచుకుని మైకు అందుకున్నాడు. "ఇంతటి ప్రతిభ మట్టిలో మగ్గిపోవడానికి వీల్లేదు. ఈ మట్టిలో మాణిక్యాలందరికీ ఆటల కోటాలో ఉద్యోగాలు మంజూరు చేస్తున్నాను. గవర్రాజు పర్మనెంటు!" అన్నాడు. మైదానం దద్దరిల్లింది. సోమేశ్వరరావుగారు ఒక్కరే చప్పట్లు మధ్యలో ఆపి, చేతిలో పుస్తకంవైపు చూసుకున్నారు.

బుధవారం పొద్దున్న ముత్యాలు మేస్త్రీ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని అనుసంధాన శాఖకు ఉద్యోగంలో చేరడానికి వచ్చాడు. నీలాచలంగారు ఆయనకు కుర్చీ చూపించారు. ముత్యాలు దాని చేతులు నిమిరి చూసి, మెల్లిగా వెనక్కి ఆనుకుని కూర్చున్నాడు. నలభై ఏళ్ళుగా బరువు మోసిన వీపు దేనికైనా ఆనడం అదే మొదటిసారి.

"ఒరే గవర్రాజూ, ఇక్కడ మనం సెయ్యాల్సిన పనేట్రా?"

గవర్రాజు ఆయన్ని కాసేపు చూశాడు. చెప్పాలా వద్దా అనుకున్నాడు. "నీకు ఆడాలనుందా మేస్త్రీ, కూకోవాలనుందా?"

ముత్యాలు కుర్చీ చేతులు మళ్ళీ నిమిరాడు. మైదానం గుర్తొచ్చినట్టు ఒకసారి నవ్వాడు. తర్వాత తల పైకెత్తి చూశాడు.

"ఆదివారం ఇంకా దూరముంది గదరా. ముందర ఆ ఫేనెయ్యి."

గవర్రాజు ఆయన్ని తప్పుపట్టలేదు. ఫ్యాను వేశాడు. అది కిర్రుమంటూ తిరిగింది, ముత్యాలు మెడ వెనక చెమట మెల్లిగా ఆరడం మొదలైంది. గవర్రాజు తువ్వాలు తలకు చుట్టుకుని తూర్పు గదిలోకి వెళ్ళి మొదటి కట్ట ఎత్తుకున్నాడు.